స్వప్న అడిగిన పదిహేను నిమిషాలు

నేను రిటైర్ కావడానికి ఇంకా రెండేండ్లు ఉందనంగ, జూన్ నెల మొదటి సోమవారం, మా హేచరీకి ఒక ట్రైనీ సూపర్‌వైజర్‌ను పంపిస్తున్నట్టు హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఉన్న ఆ కోడిపిల్లల హేచరీకి అప్పటికి ఏడేండ్లుగా నేను మేనేజర్‌ను. అంతకు ముందు వేరే హేచరీలల్ల ఇరవై ఏండ్ల పైనే చేసిన. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ నేను చెప్పే మాట ఒక్కటే: ఆరు నెలలు ఓర్చుకో, అలవాటైతది. ఆ ట్రైనీకి కూడా అదే చెప్పిన.

పేరు స్వప్న. మేడ్చల్ల డిగ్రీ చేసింది, జువాలజీ. వాళ్ళ నాయిన శామీర్‌పేట చెరువుల చేపలు పడతడు, తల్లి అమ్ముతది. ఆ ఇంట్ల డిగ్రీ కాయితం చూసింది ఈ పిల్లే, నెల ఉద్యోగం చూసిందీ ఈ పిల్లే. మూడు నెలలు ప్రొబేషన్. అది అయినంక ఖాయం చేయొచ్చా వద్దా అని నేను రాసి పంపాలె. తల్లి మొదటి రోజు గేటు దాంక వచ్చి, "మేడం, జర సూస్కోండ్రి. పోరికి కోపం ఎక్కువ గని పని దొంగ గాదు" అని చెప్పిపోయింది.

మా పని తెల్వనోళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలె. ఫారాల నుంచి వచ్చిన గుడ్లు సెట్టర్ అనే మెషీన్ల పద్దెనిమిది రోజులు ఉంటయి. అది గదంత పెద్ద మెషీన్. తర్వాత హేచర్ అనే ఇంకో మెషీన్ల మూడు రోజులు. ఇరవై ఒకటో రోజు పిల్లలు బయటికొస్తయి. లెక్క సరిగ్గ మూడు వారాలు కాబట్టి సోమవారం పెట్టిన గుడ్డు సోమవారమే పొదుగుతది. గుడ్డుకు ఆదివారం తెల్వది, పండుగ తెల్వది. అందుకే మాకూ తెల్వకుండ పోయింది.

రెండోది స్నానం. బయటి రోగం లోపలికి రావొద్దని, గుడ్లుండే భాగంలకు పోవాలంటే తలస్నానం చేసి, లోపల ఉతికిన బట్టలు కట్టుకొని, టోపీ పెట్టుకొని పోవాలె. చిటికెడంత పని మీద బయటికొచ్చినా మళ్ళ లోపలికి పోవాలంటే మళ్ళ తలస్నానమే. ఇంట్ల కోళ్ళు పెంచొద్దు. ఫోన్ గేటు కాడ డబ్బాల పెట్టాలె. పొద్దున ఏడింటికి లోపలికి పోయినోళ్ళు సాయంత్రం ఆరు దాంక లోపలనే. అన్నం తినేది కూడా లోపలి గదిలనే. ఎక్కడా కిటికీ ఉండది. మెషీన్ల మోత తప్ప వేరే చప్పుడు వినరాదు.

మొదటి వారం స్వప్న గంటకు నాలుగుసార్లు టైం అడిగింది. కాలేజీల ఒంటిగంటకు ఇడిచిపెడితే ఇంటికొచ్చి అన్నం తిని పండుకునే పిల్ల. మధ్యాహ్నం రెండైతే చాలు, కాలు నిలువకపోయేది. సెట్టర్ హాల్ల ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగేది. గోడకు చేతులానించి నిలబడేది. ట్రేల మీద రాసిన తేదీలు మళ్ళ మళ్ళ చదివేది. కూర్చోమంటే కూర్చునేది, రెండు నిమిషాలల్ల లేచేది. రౌండ్‌కు లోపలికి పోయి ఆమెను చూస్తుంటే నాకే కుదురు లేకుండ పోతుండె.

బాలమణి అని మా హాల్ల ఇరవై ఏండ్ల నుంచి ట్రేలు సర్దే మనిషి. ఆమె నోటికి తాళం లేదు. "ఏంది బిడ్డా, గట్ల తిరుగుతవు? గుడ్ల కంటే ముందు నువ్వే పొదిగెటట్టున్నవు!" అనేది. స్వప్న నవ్వేది గాని తిరుగుడు ఆపకపోయేది.

కాలేజీ సోపతిగాళ్ళ సంగతి ఇంకో బాధ. ఒకామె సుచిత్ర చౌరస్తాల బట్టల దుకాణంల చేరింది, వచ్చేపోయే జనాన్ని చూసుకుంట నిలబడతదట. ఇంకొకామె బౌరంపేట స్కూల్ల టీచరు, నాలుగింటికే ఇల్లు. సాయంత్రం బస్సుల వాళ్ళ మెసేజ్‌లు చదువుకుంట పోతే తన రోజు మొత్తం ఎవరో ఎత్తుకపోయినట్టు ఉంటదని స్వప్న ఒకసారి నాతోటి అన్నది. ఇంటికి పోయి, తిని, ఆరని జుట్టుతోటే పండుకుంటే మళ్ళ తెల్లారి బస్సు. మూడో వారంల రాజీనామా కాయితం రాసుకొని తెచ్చింది కూడా. నేను తీసుకోలే. ఆరు నెలలు ఓర్చుకోమన్న.

అప్పుడే ఆమె అడిగింది. "మేడం, నాకు పని బరువు గాదు. మా నాయిన మూడింటికే లేచి చెరువుకు పోతడు, నేనూ పోయిన. కని ఆడ పైన ఆకాశం ఉంటది. ఈడ రెండింటికి నాకు ఊపిరి ఆడుతలేదు. ఒక పదిహేను నిమిషాలు ఎవరినన్నా నా జాగల నిలబెట్టుండ్రి. బయటికి పోయి, తానం జేసి మళ్ళ వస్త."

రిలీఫ్ అంటరు దాన్ని. సూపర్‌వైజర్ లేకుండ సెట్టర్ హాల్ ఒక్క నిమిషం కూడా ఉండొద్దు కాబట్టి, ఒకరు పోతే ఇంకొకరు వచ్చి నిలబడాలె. నేను కాదన్న. మా కాలంల పద్నాలుగు గంటలు చేసినం, మాకు లేని ఊపిరి నీకెందుకు అన్న. జులైల రెండుసార్లు మళ్ళ అడిగింది, రెండుసార్లూ అదే జవాబు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాకు అప్పుడు అదే గర్వం.

ఆగస్టుల పిల్ల కుదురుకున్నట్టు కనిపించింది. టైం అడుగుడు బంద్ అయింది. మెషీన్ మోత విని, ఏ ఫ్యాన్ బెల్టు వదులైందో చెప్పేటంత చెవి వచ్చింది. తేమ లెక్కలు నన్ను అడిగి పుస్తకంల రాసుకున్నది. మూడు నెలలు అయినంక ఖాయం అయితనా మేడం అని ఒకరోజు తనంతట తానే అడిగింది. చూసినవా, అలవాటైంది అని నేను లోపల మురిసిన. మధ్యాహ్నం రెండున్నరకు ఆమె టోపీ కింద నుంచి నీళ్ళు కారుడు నాలుగైదుసార్లు చూసిన. చూసిన గాని నా బుర్రకు ఎక్కలే.

ఆ నెల మూడో వారం, గురువారం, రెండుంబావుకు గాలివాన మొదలైంది. నేను బయటి ఆఫీసుల ఉన్న. కరెంటు పోయింది. మామూలుగ జనరేటర్ నిమిషంలోపే అందుకోవాలె. ఆనాడు అందుకున్నట్టే అందుకొని ఆగిపోయింది. ఎలక్ట్రీషియన్ జనరేటర్ షెడ్డుకు ఉరికిండు. హాల్ల బ్యాటరీ అలారం మోగుతాంది. నేను స్నానపు గది తలుపు కాడికి ఉరికిన. ఆడ స్వప్న నిలబడి ఉంది, బయటి బట్టలల్ల, సగం తడిసి.

లోపల ఉండాల్సిన మనిషి బయట ఉంది! నా ఒళ్ళు మండింది. కని తిట్టడానికి టైం లేదు. కరెంటు పోయినప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. లేత గుడ్లున్న సెట్టర్ తలుపులు మూసే ఉంచాలె, వేడి నిలవాలె. ముదురు గుడ్ల సంగతి దీనికి ఉల్టా. లోపలి పిల్లలే వేడి పుట్టిస్తయి, ఫ్యాన్ ఆగితే ఆ వేడికే చస్తయి. అందుకని వాటి తలుపులు వెంటనే తెరువాలె. ఆరో నంబరు సెట్టర్ల పదిహేడు రోజుల గుడ్లున్నయి, తెల్లారితే హేచర్‌కు మార్చేటియి. ఎక్కువంటే పది, పన్నెండు నిమిషాలు ఆగుతయి.

లోపల ఉన్నది బాలమణి, ఇంకో ఇద్దరు ఆడోళ్ళు. వాళ్ళు మెషీన్ తలుపు ముట్టరు. ఎందుకంటే ముట్టొద్దని రూలు పెట్టింది నేనే. అంతకు ముందొకసారి ఎవరో లేత గుడ్ల తలుపు తెరిచి పెడితే, సూపర్‌వైజర్ తప్ప ఎవరు ముట్టినా ఇంటికే అని హాల్ల నిలబడి ఒర్రిన.

"మేడం, గిట్లనే పోతం, తానం ఇడిచిపెడదాం" అన్నది స్వప్న. నేను తలుపుకు అడ్డం నిలబడ్డ. బయటి బట్టలతోటి లోపలికి పోతే ఒక్క మెషీన్ కాదు, హేచరీ మొత్తం ఆగం కావొచ్చు. స్నానం చేసే పోవాలె అన్న. ఆడోళ్ళ స్నానపు గది ఒక్కటే. ముందు నేను పోత అని లోపలికి దూరి బకెట్ల నీళ్ళు పట్టుడు మొదలుపెట్టిన. నల్లా సన్నగ వస్తాంది. కొంగు పిన్ను ఊడుతలేదు.

అంతల గోడ అవతల నుంచి స్వప్న గొంతు వినవడ్డది. బయటి నుంచి గుడ్ల ట్రేలు లోపలికి అందించే చిన్న దర్వాజా ఒకటుంటది, బియ్యం డబ్బా మూతంత. మనిషి దూరరాదు, మాట దూరుతది. ఆ వానల అటు ఉరికి, దాన్ని కొంచెం ఎత్తి పట్టుకొని ఒర్రుతాంది. "బాలమణక్కా! ఆరో నంబర్ తలుపులు బార్లా తెరువు! ఒకటి, రెండు ముట్టకు!"

"మేడం సంపుతది బిడ్డా!" అన్నది బాలమణి.

"నేనే తెరువుమన్న అని చెప్పక్కా! నా మీదికి తోయి! జల్దీ!"

తలుపు గడియ తీసిన చప్పుడు నాకు స్నానపు గదిలకు వినవడ్డది. నేను తలస్నానం చేసి లోపలికి చేరేసరికి ఆరో నంబర్ తలుపులు రెండూ తెరిచి ఉన్నయి, బాలమణి అట్టతోటి లోపలికి విసురుతాంది. ఇంకో పావుగంటకు జనరేటర్ లేచింది. నాలుగు రోజులకు ఆ గుడ్లు మామూలుగనే పొదిగినయి.

ఇట్లాంటిది ఏది జరిగినా ఆ రోజే హెడ్డాఫీసుకు సంఘటన రిపోర్టు పోవాలె అని మా పద్ధతి. సాయంత్రం అయిదింటికి, తడి జుట్టుతోటి, కోపం దిగకముందే కూర్చొని రాసిన. కరెంటు ఎప్పుడు పోయింది, జనరేటర్ ఎందుకు ఆగింది, అన్నీ నిమిషాలతోటి. తర్వాత ఇట్ల రాసిన: ఆ సమయంలో ట్రైనీ సూపర్‌వైజర్ తన స్థానంలో లేదు, బయటికి పోయినట్టు రిజిస్టర్‌లో రాయలేదు. ఆరో నంబర్ తలుపులు సకాలంలో తెరిపించినం. ఎవరు తెరిపించిన్రో రాయలే. రాసిన దాంట్ల అబద్ధం ఒక్కటి లేదు. మెయిల్ చేసి ఇంటికి పోయిన.

తెల్లారి పదింటికే జవాబు. స్వప్న ప్రొబేషన్ రద్దు, ఆ రోజు నుంచే. అంత జల్దీగ హెడ్డాఫీసు నా ఏ మెయిల్‌కూ జవాబియ్యలే. కాయితం ఆమెకు ఇయ్యాల్సింది నేనే. ఇచ్చిన. నిలబడే చదివింది. ఏడుస్తదేమో అనుకున్న. ఏడవలే.

"నేను బయటికి పోయింది నిజమే మేడం. నిన్న ఒక్కనాడే గాదు, నెల నుంచి రోజూ పోతున్న. గేటు కాడ వేపచెట్టు కింద పది నిమిషాలు కూసొని, మళ్ళ తలకు పోసుకొని వస్తున్న. మీరు అలవాటైంది అంటిరి గదా. గా పది నిమిషాలు ఉండబట్టే ఉన్న. లేకుంటే జులైలనే ఇడిచిపెట్టి పోతుంటి." కాయితం మడిచి, "మా అమ్మకు నేనే చెప్త, మీరు ఫోన్ చెయ్యకుండ్రి" అన్నది. గేటు కాడ ఫోన్ తీసుకొని పోయింది.

బాలమణి ఆ రోజంత నా దిక్కు చూడకుండ ట్రేలు సర్దింది. సాయంత్రం పోయేటప్పుడు మాత్రం, "తలుపు తెరిపిచ్చింది గా పోరే, రాసిన్రా మేడం?" అని అడిగింది. సిగ్గనిపించింది. ఉన్నమాట చెప్తున్న, చాలా సిగ్గనిపించింది.

ఆ తర్వాత పని పద్ధతుల పుస్తకం తెరిచి చూసిన. నాలుగు గంటలకొకసారి సూపర్‌వైజర్‌కు రిలీఫ్ ఇయ్యాలె అని అచ్చంగ రాసి ఉంది. ఆ పేజీ కింద నా సంతకం ఉంది. ఏటేటా చదివినట్టు సంతకం పెట్టిన, ఏనాడూ చదవలే. రెండో రిపోర్టు రాసిన. ట్రైనీ మూడుసార్లు రిలీఫ్ అడిగిందని, మూడుసార్లూ నేనే కాదన్ననని, తలుపులు తెరిపించింది ఆమేనని, వర్కర్లను ముట్టనీయని రూలు నాదని. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టే. అయినా రాసిన. జనరల్ మేనేజర్‌కు ఫోన్ చేసి, ఆ పిల్లను మళ్ళ తీసుకోవాలె అని కూడా అడిగిన. ఆయన మర్యాదగనే మాట్లాడిండు. "స్థానంలో లేదని మీరే రాసిన్రు గదా మేడం. దాన్ని ఇప్పుడు ఎట్ల తీసేద్దాం?" అన్నడు.

ఆ రెండో రిపోర్టు మీద, నెల తర్వాత మాకు ఒక రిలీఫ్ సూపర్‌వైజర్ పోస్టు మంజూరైంది. ఆ మనిషి వచ్చే దాంక మధ్యాహ్నం రెండింటికి సూపర్‌వైజర్‌ను బయటికి పంపి నేనే తలస్నానం చేసి హాల్ల నిలబడ్డ. మొదటి రోజు అరగంటకే టైం ఎంతైందని బాలమణిని అడిగిన. ముప్ఫై ఏండ్లకు దగ్గరైన సర్వీసుల నాకు ఆ గోడలు అలవాటు కాలే. ఆఫీసు కుర్చీ బయట ఉంది కాబట్టి అలవాటైందనుకున్న.

ఇప్పుడు బహదూర్‌పల్లిల ఉంటున్న. పాత హేచరీల నుంచి చిన్నోళ్ళు అప్పుడప్పుడు సలహా అడుగుతరు. రెండే చెప్త. కొత్తగా వచ్చినోళ్ళు నిలదొక్కుకుంటున్నరంటే, ఏం పట్టుకొని నిలబడ్డరో చూడండి, అది గుంజేయకండి. ఒక మనిషి జాగల లేదు అని రాసేముందు, ఎందుకు లేదో తెలుసుకొని రాయండి, ఎంత ఆలస్యమైనా సరే. నేను ఈ వరస తప్పిన. ఆ రెండు రిపోర్టులు ఒకే ఫైల్ల ఉన్నయి. ఒకదానికి పోస్టు వచ్చింది, ఒకదానికి పిల్ల పోయింది. రెండింటి కింద సంతకం నాదే.