వామనగుంటల పీట, విస్సన్నపేట బస్సు

పక్క గదిలోంచి గింజలు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. టుక్, టుక్, టుక్, టుక్. ఏ గింజా తొందరపడదు, ఏ గింజా ఆలస్యం చెయ్యదు. మా ఆయన టాబ్లెట్‌లో వామనగుంటలు ఆడుకుంటున్నారు. పోయిన ఏడు పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియోథెరపీ అబ్బాయి ఈ ఆట అందులో పెట్టి, "అంకుల్ వేళ్ళకి మంచిదాంటీ" అన్నాడు. గుంట మీద వేలు పెడితే చాలు, అందులోని గింజలు వాటంతట అవే లేచి వరసగా ఒక్కో గుంటలో ఒక్కొక్కటి పడతాయి. లెక్క కూడా అదే చూసుకుంటుంది. ఆయన ఆడుతున్నంతసేపూ నేను ఈ గదిలో నడుం వాలుస్తాను. నిద్ర పట్టాలి. పట్టదు. ఆ చప్పుడు వింటుంటే సుగుణమ్మ పిన్నిగారు గుర్తొస్తారు.

ఆటల పిచ్చి నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. అష్టాచమ్మా, పులీమేక, వామనగుంటలు, ఏదైనా సరే పీట కనిపిస్తే కూర్చుండిపోయేదాన్ని. ఇప్పుడు అవన్నీ ఫోన్లోకి వచ్చేశాయి. వచ్చిన ప్రతిదాన్నీ దించుకుని ఆడి చూశాను, కాబట్టి తెలియక తిడుతున్నానని ఎవరూ అనుకోనక్కర్లేదు. అసలు తిట్టడం లేదు కూడా. గవ్వ గోడకి ఆనుకుని నిలబడిపోతే అది పడ్డట్టా పడనట్టా అనే తగాదా ఫోన్లో లేదు. మేకను దొంగతనంగా జరిపేవాళ్ళు లేరు. ఎదుటివాళ్ళు ఆవలించరు, విసుక్కోరు, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచిపోరు. అందరూ దాన్ని సుఖం అంటారు. నాకు మాత్రం అదే లోటుగా ఉంటుంది. ఎందుకో చెప్పాలంటే డెబ్బైలనాటి తిరువూరు దాకా వెళ్ళాలి.

తాలూకా ఆఫీసులో టైపిస్టుగా ఉద్యోగం వచ్చి నేను తిరువూరు వెళ్ళేనాటికి ఇంకా పెళ్ళి కాలేదు. ఒకే అరుగు మీద రెండు వాటాలున్న పెంకుటింట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. రెండో వాటాలో యోహాను మాస్టారు, సుగుణమ్మ గారు ఉండేవారు. మాస్టారు బడిలో తెలుగు చెప్పేవారు. ఆయన బోర్డు మీద రాసిన అక్షరాలు చెరపబుద్ధి కాక, మర్నాటి క్లాసుకి పిల్లలు బోర్డు మీద మిగిలిన జాగాలోనే సర్దుకునేవాళ్ళట. నేను వెళ్ళేసరికి ఆ చెయ్యి దుప్పటి మీద కదలకుండా పడి ఉంది. చలికాలంలో పక్షవాతం వచ్చింది. బెజవాడ డాక్టరుగారు వేళ్ళకి పని చెప్పమన్నారు. బడివాళ్ళు మంచివాళ్ళే, వేసవి సెలవులయ్యేదాకా ఆగుతామన్నారు. బడి తెరిచేనాటికి మాస్టారు సుద్దముక్క పట్టుకుని రాయగలగాలి. లేదంటే ఉద్యోగం లేదు. ఆ ఇంటికి ఆధారం అదొక్కటే.

ఒక ఆదివారం మధ్యాహ్నం గోడ అవతల గింజల చప్పుడు విని ఉండబట్టలేకపోయాను. వెళ్ళి తలుపు తట్టాను. పిన్నిగారు తలుపు ఓరగా తీసి, నన్ను లోపలికి లాగి, మళ్ళీ గడియ పెట్టారు.

"ఎవరితోనూ అనకమ్మాయ్. చూస్తే నవ్వుతారని ఈయనకి నామోషీ."

మంచం పక్కన స్టూలు మీద వామనగుంటల పీట ఉంది. అటు ఏడు, ఇటు ఏడు గుంటలు. మాస్టారు గోడ వైపు తిరిగి పడుకున్నారు.

"ఆడంగుల ఆట," అన్నారు నత్తిగా. "నేనాడను."

"ఆడకండి. మేమిద్దరం ఆడుకుంటాం, మీరు పడుకోండి," అని పిన్నిగారు నన్ను కూర్చోబెట్టారు.

ఆట సులువే. మన వైపు ఏదో ఒక గుంటలోని గింజలన్నీ తీసి, తరవాతి గుంటల్లో ఒక్కొక్కటి పంచుకుంటూ వెళ్ళాలి. చేతిలోవి అయిపోతే ఆ పక్క గుంటలోవి తీసి మళ్ళీ పంచాలి. పక్క గుంట ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలోవి మనకి దక్కుతాయి. ఏ గుంటతో మొదలుపెట్టాలన్నదే తెలివి. ఆవిడ మీద గెలుద్దామని నేను ఆలోచించి ఆలోచించి ఒక గుంటలో చెయ్యి పెట్టాను. మంచం మీంచి మూలుగులాంటి మాట వచ్చింది. "అది కాదు." మాస్టారు ఎప్పుడు ఇటు తిరిగారో చూడలేదు. ఎడమచేత్తో ఇంకో గుంట చూపిస్తున్నారు.

"ఆ చేత్తో కాదు, ఈ చేత్తో చూపించండి," అని పిన్నిగారు ఆయన కుడిచెయ్యి ఎత్తి పీట మీద పెట్టారు. అలా మొదలైంది.

ముందు గచ్చకాయలతో ఆడించారు. గంపలగూడెం రోడ్డు పక్క కంచెల్లో ఏరుకొచ్చినవి. అవి పట్టు దొరికాక చింతపిక్కలు, చింతపిక్కలు లొంగాక గురివిందలు. గురివింద గింజను రెండు వేళ్ళతో పట్టగలిగితే సుద్దముక్క ఎంతలే అని ఆవిడ ఆశ. గింజ కింద పడితే అది దొరికేదాకా ఆట ఆగాలి, ఇంకో గింజ వెయ్యకూడదు. అది ఆవిడ పెట్టిన రూలు. మంచం కిందకీ పెట్టెల వెనక్కీ దూరి వెతికేది ఆవిడే. ఒక్కోసారి మాస్టారు ఒక్క గింజను గుంటలోకి చేర్చేలోపు నేను అన్నం తిని రావచ్చు. పిన్నిగారు నిట్టూర్చేవారు. పైకే అనేవారు.

"ఇలాగైతే అక్కడ అన్నం మాడి బొగ్గవుతుందండీ."

జబ్బు మనిషిని అలా అనడమేమిటని నాకు మనసు చివుక్కుమనేది. ఒకరోజు అనేశాను కూడా. "కాస్త ఓడిపోరాదా పిన్నీ, ఆయన సంతోషిస్తారుగా."

ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. "ఆయన పంతులే అమ్మాయ్. నేను కావాలని ఓడితే కనిపెట్టలేడా? విసుగొచ్చినప్పుడు విసుక్కుంటా, గెలిచినప్పుడు గెలుస్తా. అప్పుడే నేను నిజంగా ఆడుతున్నానని నమ్ముతాడు."

ఆవిడ ఇంకో పని కూడా చేసేవారు. దాని గురించి వీధంతా చెవులు కొరుక్కునేది. గురువారం సాయంత్రం నేను ఆఫీసు నుంచి రాగానే మాస్టారినీ పీటనీ నాకు అప్పజెప్పి, ఉతికిన చీర కట్టుకుని, విస్సన్నపేట బస్సెక్కేవారు. రాత్రి భోజనాల వేళకి తిరుగు బస్సులో వచ్చేసేవారు. అక్కడ చుట్టాలు లేరు, ప్రార్థన కూటం లేదు, చేతిలో సంచైనా ఉండేది కాదు. భర్త మంచాన ఉంటే ఈ షికార్లేమిటని నాతోనే అన్నవాళ్ళున్నారు. నేనూ అడగకుండా ఉండలేకపోయాను.

"ఏం చేస్తారు పిన్నీ అక్కడ?"

"ఏం చేస్తానే! టీ తాగుతా. తాగిన గ్లాసు నేను కడగక్కర్లేదు. అక్కడ పెట్టేసి వచ్చేస్తా."

ఆ మాటకి నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆ గురువారాల్లో మాస్టారు నాతో ఆడుతూ మధ్యమధ్య గుమ్మం వైపు చూసేవారు. "వెళ్ళిందా?" అని అడిగేవారు, వెళ్ళడం చూసి కూడా. వెళ్ళారంటే తలాడించి, "వెళ్ళనీ. తనూ మనిషే," అనేవారు. ఆ రెండు మాటలకీ ఆయనకు చాలాసేపు పట్టేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మామిడికాయల లారీలు పోతుంటే లేచిన దుమ్ము ఇంట్లో పీట గుంటల్లో కూడా పేరుకునేది. గురివిందలు వేళ్ళ మధ్య నిలిచాయి. మాస్టారు పిన్నిగారి మీద ఒకటి రెండు ఆటలు గెలిచారు కూడా. నాకు మహా ధైర్యం వచ్చేసింది. బడి తెరిచిన రోజు రిక్షా ఎక్కించి పంపాం. తలుపు దగ్గర ఆవిడ ఆయన చొక్కా గుండీ మరోసారి సరిచేశారు.

మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. హెడ్మాస్టారు ఖాళీ గదిలోకి తీసుకెళ్ళి, మీ పేరే రాయండి మాస్టారూ అన్నారట. సుద్దముక్క పట్టుకోగలిగారు. చెయ్యి బోర్డు ఎత్తుకి లేవలేదు. ఎడమచేత్తో ఎత్తి పెట్టుకుని 'యో' రాశారు, అది జారి కిందికి గీతలా వచ్చేసింది. ఆ హెడ్మాస్టారే ఏడ్చారట పాపం. పీట స్టూలు మీద పెట్టి ఆడినన్నాళ్ళూ చెయ్యి పైకెత్తాల్సిన అవసరమే రాలేదని మాకెవరికీ తట్టలేదు. వేళ్ళ మీదే ధ్యాసంతా పెట్టాం, భుజాన్ని మర్చిపోయాం. ఆ రాత్రి ఆ ఇంట్లో గింజల చప్పుడు కాలేదు. గోడ ఇవతల నేను ఒళ్ళంతా చెవులు చేసుకుని పడుకున్నాను.

మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ వీధి మలుపులోనే ఆగిపోయాను. మంచం అరుగు మీద ఉంది. మాస్టారు దాని మీద దిండుకి ఆనుకుని కూర్చున్నారు. ఎదురుగా స్టూలు, దాని మీద పీట. పిన్నిగారు గుంటల్లో గింజలు నింపుతున్నారు. గురివిందలు కాదు, చింతపిక్కలు. వీధిలో పోయేవాళ్ళు చూస్తున్నారు, నవ్వేవాళ్ళు నవ్వుతున్నారు. అన్నాళ్ళు గడియ పెట్టి ఆడినవాళ్ళు ఇలా నడివీధిలో కూర్చోవడమేమిటో నాకు అర్థం కాలేదు.

"ఇంక దేనికి పిన్నీ?" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను.

ఆవిడ తలెత్తలేదు. "ఆటకే," అన్నారు. "ఇన్నాళ్ళూ మందు మింగినట్టు ఆడాం. ఇప్పుడు ఆడదాం." తరవాత మాస్టారితో, "ఊఁ, కానివ్వండి. చీకటి పడితే మళ్ళీ గింజలు కనపడవంటారు," అని విసుక్కున్నారు.

మాస్టారు ఆ రోజు నవ్వారు. వంకర మూతితో, సగమే. నేను ఆ ఇంటికి వచ్చాక ఆయన నవ్వడం చూసింది అదే మొదలు. తరవాత పిన్నిగారు కుట్టుమిషను తెచ్చుకున్నారు, జాకెట్లు కుట్టేవారు, బతుకు ఇరుగ్గానే సాగింది. నాకు బదిలీ అయ్యేదాకా సాయంత్రాలు ఆ అరుగు మీద ఆట మాత్రం ఆగలేదు. గురువారం బస్సూ ఆగలేదు.

ఫోన్లో ఆటల గురించి ఎవరైనా నన్నడిగితే పెద్ద పెద్ద అభిప్రాయాలేమీ లేవు. ఈ టాబ్లెట్ నాకు విస్సన్నపేట బస్సులాంటిది. దాని పుణ్యాన కాసేపు వీపు మంచానికి ఆనుతోంది. సిగ్గుపడను. కానీ అది అలసిపోదు. అలసిపోనిది నాతో ఎంతసేపు ఆడినా నాకోసం కూర్చున్నట్టు ఉండదు. పిన్నిగారు పొద్దస్తమానం చాకిరీ చేసి, నడుం పట్టేసి, నిట్టూరుస్తూ వచ్చి ఆ స్టూలు ముందు కూర్చునేవారు. నేను చూసిన ప్రేమల్లో అంతకంటే పెద్దది లేదు.

నిన్న ఫిజియోథెరపీ అబ్బాయి వెళ్ళబోతూ చెప్పులు వేసుకుంటూ, "ఇంక ఇంతేనాంటీ. ఇంతకంటే రాకపోవచ్చు. నేను రావడం కూడా దండగ," అన్నాడు. మెల్లగానే అన్నాడు గానీ ఈయనకి వినిపించింది. అప్పటి నుంచీ ఆ టాబ్లెట్ ముందేసుకుని కూర్చున్నారు.

లేచాను. వంటింట్లో చింతపండు ఒలిచినప్పుడల్లా డబ్బాలో వేసి ఉంచిన పిక్కలున్నాయి. బీరువా కిందనుంచి నా పాత వామనగుంటల పీట తీసి దుమ్ము తుడిచాను. పక్క గదికి వెళ్ళి, "ఛార్జింగ్ పెడతా ఇవ్వండి," అని టాబ్లెట్ తీసుకుని, దాని చోట పీట పెట్టి, గుంటల్లో పిక్కలు నింపాను.

ఆయన పీట వంకా నా వంకా చూశారు. "ఇంకెందుకు? వాడు చెప్పాడుగా."

"ఆటకే," అన్నాను.

ఆయన కుడిచేతి వేళ్ళు చివరి గుంటలో పెట్టి పిక్కలు పోగుచేసుకున్నారు. ఒకటి వేశారు. రెండోది వేశారు. మూడోది జారి నేల మీద దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది.

"ఇప్పుడే కదండీ ఊడ్చాను అక్కడ," అని విసుక్కుంటూ, మోకాళ్ళు పట్టుకుని కిందికి వంగాను. ఆయన ఆట ఆపి, గింజ దొరికేదాకా చూస్తూ కూర్చున్నారు.