మొదటి పేజీలో ఆరు కొట్లు

ఒక కంపెనీ లోపలి వెబ్‌సైటును, అది ఇంకా పుట్టకముందే, ముక్కలు చేసి బేరానికి పెట్టిన ఘనత బెజవాడ మొత్తమ్మీద నా ఒక్కదానికే దక్కిందని నా నమ్మకం. గవర్నర్‌పేటలో నాన్న స్టీలు సామాన్ల కొట్లో, గల్లాపెట్టె పక్కన పెరిగాను. చెప్పిన ధరకి కొనేవాళ్లంతా అమాయకులనీ, సగానికి అడగడం డిగ్రీకన్నా పెద్ద చదువనీ అనుకునే రోజులవి. బెంజ్ సర్కిల్ దగ్గర రొయ్యల మేత అమ్మే కంపెనీలో చేరి ఐదు నెలలైంది. నన్ను పర్మనెంట్ చెయ్యాలో, ఇంటికి పంపాలో ఆరో నెల్లో తేలుస్తారు. అప్పుడు ఎండీగారు పిలిచి, “ఏమ్మా, సెలవు కావాలన్నా, జీతం చీటీ కావాలన్నా అందరూ ఫోన్లే. మనవాళ్ల కోసం ఒక సైటు పెడదాం. సాఫ్ట్‌వేర్ వాళ్లు కడతారు, ఏది ఎక్కడుండాలో నువ్వు గీసివ్వు. అది చూశాకే నీ సంగతి” అన్నారు.

మొదటి పేజీలో ఆరు బటన్లే పడతాయి, మిగతావన్నీ లోపలికి పోవాల్సిందే అన్నారు సాఫ్ట్‌వేర్ వాళ్లు. నా కంటికి అవి రోడ్డు వైపు ఆరు కొట్లుగా కనిపించాయి. మధ్యాహ్నానికల్లా వార్త పాకింది. హెచ్‌ఆర్ మేడమ్ వచ్చి, “మొదటిది మాదేగా? మేం లేకపోతే మీకు ఉద్యోగాలెక్కడివమ్మా?” అంది. (రెండు శనివారాలు మధ్యాహ్నమే ఇంటికి పోనిచ్చేట్టు తేల్చుకున్నాను.) అకౌంట్స్ భాయ్‌గారు, “జీతాలిచ్చేవాణ్ణి సందులో కూర్చోబెడతావా బేటా?” అని నొచ్చుకున్నారు. నా ఆటో బిల్లులు ఏ రోజువి ఆ రోజే పాసయ్యేట్టు ఒప్పుకున్నాక ఆయనకో కొట్టు దొరికింది. చల్లపల్లి నుంచి వచ్చిన స్టోర్స్ మేనేజర్‌గారిది వేరే ధోరణి. “స్క్రీనుకి ఈశాన్యం ఏ మూలమ్మా?” అని అడిగారు. “కుడివైపు పైనండీ.” “అదిచ్చెయ్.” ఇచ్చాను. ఆయన గదిలోని చేతుల కుర్చీ నా గదిలోకొచ్చింది. మిగతా మూడూ ఇలాగే పోయాయి. ఆ వారం నాకన్నా తెలివైనది ఊళ్లో లేదు.

సాఫ్ట్‌వేర్ వాళ్లు నేను గీసిందాన్ని నమూనాగా కట్టారు, అందరి ముందూ ఎండీగారికి చూపించే రోజు వచ్చింది. ఆయన నావైపు చూడకుండా ప్యాకింగ్‌లో పనిచేసే అక్కని పిలిపించారు. “రేపు సెలవు కావాలన్నావట కదమ్మా. దీంట్లో పెట్టు చూద్దాం.”

“అత్తకి కంటి ఆపరేషనండీ” అంటూ అక్క కూర్చుంది. మొదటి బటన్, హెచ్‌ఆర్ వాళ్లది, నొక్కితే పుట్టినరోజు బెలూన్లు ఎగిరాయి. “ఇయ్యాళ ఎవరిదండీ పుట్టినరోజు?” అంది సంబరంగా. రెండోదాంట్లో భాయ్‌గారి పదేళ్ల సర్క్యులర్లు. ఈశాన్యంలో గోడౌన్ ఫొటోలు. “అదిగోనండీ, మా షెడ్డే!” సెలవు కాగితం మాత్రం నాలుగు గుమ్మాలు దాటాక ‘ఇతరములు’ అనే గదిలో పడుంది. పాపం పావుగంట వెతికింది. తర్వాత చప్పుడు చెయ్యకుండా సంచీలోంచి ఫోను తీసి కలిపింది. పక్క కుర్చీలో కూర్చున్న హెచ్‌ఆర్ మేడమ్ బ్యాగు మోగింది.

“మేడమ్, రేపు సెలవండీ.”

“సరేనమ్మా” అంది మేడమ్, అలవాటు కొద్దీ ఫోన్లోనే.

గదంతా నవ్వింది, ఎండీగారు తప్ప. “ఫోను పని పది సెకన్లలో అయిపోయిందమ్మా. ఇంకో మూడు నెలలు చూద్దాం నిన్ను” అన్నారు.

నాకు ఇవ్వడానికి ఏదో ఒకటి ఉన్నవాళ్లంతా నా బేరానికి వచ్చారు. అక్క దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, అందుకే రాలేదు. అమ్మిన కొట్లు తిరిగి కొనడం మొదలుపెట్టాను. అవసరం నాదని తెలిశాక ఎవరు తగ్గుతారు? మేడమ్‌కి రెండు శనివారాలకి బదులు నాలుగు శనివారాలు రాత్రి దాకా పనిచేసి ఎదురిచ్చాను. భాయ్‌గారి సర్క్యులర్లన్నీ ఏడాది వారీగా నేనే సర్దాను. చల్లపల్లి ఆయన మాత్రం కుర్చీ తిరిగిస్తానన్నా ఈశాన్యం వదల్లేదు. చివరికి, “గోడౌన్ అంటే బరువు కదండీ, బరువు నైరుతిలో ఉండాలంటారు మా నాన్న” అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. “ముందే చెప్పొద్దా అమ్మా!” అని తనే ఎడమవైపు అడుగుకి దిగిపోయారు. (కుర్చీ కూడా పట్టుకుపోయారు.)

తర్వాత బటన్ల పేర్లు రాసిన కాగితం ముక్కలు పట్టుకుని ప్యాకింగ్ షెడ్డులో అక్క పక్కన చేరాను. “ముందేం కావాలక్కా?”

“సెలవు. ఆ తర్వాత జీతం చీటీ. ఎవరి ఫోను నంబరేదో. ఇంకేముంది మేడమ్, మిగతావి మీరు చూసుకుంటారుగా?”

ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఆ వరసే ఈ రోజుకీ అక్కడ నడుస్తోంది.

ఇక బిల్లు. నాలుగు శనివారాలు, ఒక కుర్చీ, పదేళ్ల సర్క్యులర్ల దుమ్ము, పర్మనెంట్ కావడానికి మూడు నెలల ఆలస్యం. ఇది నిజమైన లెక్క. ఆ రోజు ఇంట్లో చెప్పింది వేరు. మా ఇంట్లో మోసపోయి వచ్చినవాళ్లెవరూ కొన్న ధర ఉన్నదున్నట్టు చెప్పరు, మూడో వంతే చెబుతారు. నాన్న గిన్నెలు తుడుస్తూ, “ఏమన్నారే?” అని అడిగితే, “ఒక్క నెల ఆగమన్నారు నాన్నా” అన్నాను.

నాన్న తలెత్తలేదు. “అంటే మూడన్నమాట” అన్నాడు.