ప్రస్థానం సంచీ

“ఆ సంచీ లేకపోతే కారు కదలదా అండీ? పెట్రోలు దాన్లో పోసారా?”

“పొద్దున్నే అపశకునం మాటలు మాట్లాడకు రాజ్యం. ప్రస్థానం పెట్టిన సంచీ వదిలేసి పోతే ప్రయాణం చెడుతుంది.”

“ఇంకా చెడ్డానికి ఏం మిగిలిందనీ!”

నందిగామలో వరప్రసాదరావు ఇంటి అరుగు మీద ఈ రభస జరుగుతుంటే, ఎదురింటావిడ కళ్లాపి ఆపి బకెట్ పట్టుకునే వింది. సంచీ తాళం వేసిన తలుపు వెనకాల ఉండిపోయింది; అక్కడే వరప్రసాదరావు ఫోనూ మోగి మోగి ఊరుకుంది. ఆయన మాఘస్నానానికని చెవిటికల్లు వెళ్లాడట, పొద్దెక్కితే గాని రాడట. ఆ మాటా ఎదురింటావిడే చెప్పింది.

రాజరాజేశ్వరికి ఏడుపొక్కటే తక్కువ. జగ్గయ్యపేట ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పినన్నాళ్లూ గూడబాతు, అదే పెలికన్, బొమ్మను సుద్దముక్కతో బోర్డు మీద గీసింది. పిల్ల తన తలంతా తల్లి గొంతు సంచీలోకి దూర్చి చేపలు తింటుందని చెప్పింది. కళ్లారా చూసింది మాత్రం లేదు. రిటైరయ్యాక మొగుణ్ణి అడిగిన ముచ్చట అదొక్కటే. కొల్లేటి పక్షుల పార్కులో తల్లులు పొద్దున్నే మేపుతాయి. ఇంకొన్నాళ్లకి పిల్లలు ఎగిరిపోతాయి.

ఆదివారం జనం తొక్కిడి, సోమవారం పోదామందావిడ. సోమవారం తూర్పుకి శూల, అటు కదలకూడదన్నాడు కరెంటాఫీసులో చేసి రిటైరైన మొగుడు రామబ్రహ్మం. దానికో విరుగుడుంది. మంచి ఘడియలో ముందే మన సంచీ ఒకటి దారిలో ఎవరింట్లోనైనా పెట్టేస్తే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. అదే ప్రస్థానం. ఆదివారం సాయంత్రం ఆయన పనిగట్టుకుని నందిగామ వచ్చి, పాత స్నేహితుడి ఇంట్లో సంచీ పెట్టి వెళ్లాడు. పొద్దున్నే వస్తామని చెప్పడం మాత్రం మర్చిపోయాడు.

“అందులో నీ బైనాక్యులర్సు కూడా ఉంది కదా,” అన్నాడిప్పుడు, నచ్చజెబుతున్నట్టు.

“నాకు కళ్లున్నాయి. పదండి.”

కదల్లేదాయన. ఎండ అరుగెక్కింది. వరప్రసాదరావు తడిబట్టల మూటతో ఆటో దిగి, “అయ్యో బ్రహ్మంగారూ, కాఫీ తాగి వెళ్లండి” అన్నాడు. ఆ కాఫీ కూడా తాగాడు మహానుభావుడు!

పార్కు చేరేసరికి నడినెత్తిన ఎండ. నీళ్ల మధ్య ఇనుప మంచెల మీద పిల్లలు మెడలు వాల్చేసి నిద్రపోతున్నాయి. ఒక్క తల్లీ లేదు.

“పొద్దున్నే మేపేసి మేతకెళ్లిపోయాయమ్మా. కాస్త ముందు రావాల్సింది,” అన్నాడు కాపలా అతను.

ఆవిడ బైనాక్యులర్సు కళ్ల దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది. చూడ్డానికేముంది, నిద్ర. వచ్చి కారులో కూర్చుంది.

తిరుగు దారిలో కంచికచర్ల దగ్గర టీకి ఆపి, రామబ్రహ్మం తృప్తిగా అన్నాడు: “చూసావా, ప్రస్థానం మహిమ. ఎక్కడా పంక్చరైనా పడలేదు.”

రాజరాజేశ్వరి గ్లాసు కింద పెట్టింది.

“ఏవండీ, ఒకటడుగుతా. కాదనకండి.”

“అడుగు.”

“పిల్లలు ఎగిరిపోకముందే ఇంకోసారి తీసుకెళ్లండి. ఈసారి సంచీ వద్దు. మీ ఇష్టమొచ్చిన ఘడియ చూసుకుని, ముందురోజే నన్ను కొల్లేటి గట్టున ప్రస్థానం పెట్టండి. మీరు మర్నాడు కాఫీలు తాగి తీరిగ్గా వద్దురుగాని.”