చెల్లెలి ఒంటికి పడని గింజ

నాకు అప్పుడు పదేళ్ళు. చెల్లెలికి నాలుగు నిండాయి. గుడియాత్తం నేతవాళ్ళ వీధిలో మా ఇల్లు. ముందు గదిలో రెండు గుంత మగ్గాలు, ఒకటి నాయనది, ఇంకొకటి అమ్మది. అవ్వ, అంటే నాయన తల్లి, కండెలు చుట్టేది, వంట చూసేది, మా ఇద్దరినీ చూసేది.

చెల్లెలు పుట్టిన ఏడాదికే దానికి దురద మొదలైంది. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక, చెవుల కింద చర్మం గరుకుగా మారి, గోకితే రసి కారేది. నూలు ధూళి అన్నారు. వేడి అన్నారు. అవ్వ వేపాకు కాచిన నీళ్ళు పోసేది, పసుపు రాసేది. వారం రోజులు తగ్గేది, మళ్ళీ వచ్చేది. ఎందుకు తగ్గిందో, ఎందుకు తిరగబెట్టిందో ఎవరూ అడగలేదు. ఆ పిల్ల ఒళ్ళు అంతే అనుకున్నాం. ఇంట్లో ఎవరైనా శెనక్కాయలు, అదే వేరుశనగలు, తింటుంటే అది మూతి తిప్పుకుని దూరంగా పోయేది. అది మారాం అనుకున్నాం.

ఒకరోజు ఒడుగత్తూరు నుంచి మా పెద్దమామ, అమ్మకు అన్న, కొత్త శెనక్కాయలు మూటగట్టుకుని వచ్చాడు. మా చుట్టుపక్కల మెట్ట చేలల్లో ఆ పంట అప్పుడప్పుడే ఎక్కువవుతోంది. మా వీధి తమిళం వాళ్ళు దాన్ని మల్లాట్ట అనేవాళ్ళు. అవ్వ వాటిని ఉప్పు వేసి ఉడికించింది. సాయంత్రం అందరం తిన్నాం, చెల్లెలు తప్ప.

మర్నాడు పొద్దున పడుగుకు గంజి పట్టించే పని. ఇంటిల్లిపాదీ వీధిలోకి వెళ్ళాలి. పడుగును వీధి పొడుగునా సాగదీసి కట్టి, ఎండ ముదరకముందే కుంచెలతో గంజి పట్టించి, పోగుకు పోగు అంటుకోకుండా ఆరబెట్టాలి. మధ్యలో వదిలేస్తే నూలంతా అట్టకట్టుకుపోతుంది. నన్ను పిల్లను చూసుకోమని అమ్మ, నాయన, అవ్వ ముగ్గురూ బయటికి పోయారు.

గిన్నెలో మిగిలిన శెనక్కాయలు ఉన్నాయి. నేను ఒలుచుకుని తింటూ చెల్లెలికి ఒకటి ఇచ్చాను. తల తిప్పుకుంది. పెద్దవాళ్ళు మాకు ఎట్లా తినిపించేవాళ్ళో నాకు తెలుసు. ఆ పూటకు నేనే పెద్దదాన్ని. దాని బుగ్గలు నొక్కి, నోరు తెరిపించి రెండు గింజలు పెట్టాను.

"అక్కా, నోరు మండతా ఉండాది."

"ఉప్పు, అంతే. మింగు."

ఏడుస్తూ మింగింది. ఇంకో రెండు పెట్టాను.

కాసేపటికి అది పెదవులు గోక్కోవడం మొదలుపెట్టింది. నేను చూస్తుండగానే పై పెదవి ఉబ్బింది, తర్వాత కింది పెదవి, తర్వాత కళ్ళు. మెడ మీద, పొట్ట మీద రూపాయి బిళ్ళలంత దద్దుర్లు లేచి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. భళ్ళున కక్కింది. తర్వాత గొంతులోంచి పిల్లికూతలాంటి చప్పుడు. అంతవరకూ కదలకుండా నిలబడ్డ నేను అప్పుడు వీధిలోకి పరుగెత్తాను.

నాయన కుంచె పారేసి వచ్చాడు. ఆ రోజు పడుగు ఎండలో అట్లాగే అట్టకట్టుకుపోయింది. ఆ సంగతి మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అమ్మ పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. పక్కింటావిడ తొంగిచూసి, "అమ్మోరు వచ్చినాది, వేపమండలు తెండి," అంది. ఇంకెవరో ఏదో పురుగు ముట్టుకుందన్నారు. అవ్వ మాత్రం గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె చేతినిండా గంజి. పిల్ల మొహాన్ని అట్లా చూస్తూ నిలబడింది.

తర్వాత నా దగ్గరికి వచ్చి వంగి అడిగింది. "మే, దీనికి ఏమన్నా పెట్టినావా?"

"లేదవ్వా," అన్నాను.

చెల్లెలు ఇంకోసారి కక్కింది. నాయన దాన్ని భుజాన వేసుకుని గాలి తగిలేలా పెరట్లో తిప్పాడు. పిల్లికూత మెల్లగా తగ్గింది. మధ్యాహ్నానికి కళ్ళు తెరిచింది. ఆ కడుపు తనంతట తాను ఆ గింజల్ని బయటికి పంపడం వల్లే బతికిందని నేను ఇప్పటికీ అనుకుంటాను.

మర్నాడు వేలూరుకు బయలుదేరాం. కాట్పాడి దాకా రైలు, అక్కణ్ణుంచి జట్కా. అక్కడ ఒక డాక్టరమ్మ ఉందని, ఆడవాళ్ళను, పిల్లలను చూస్తుందని మా వీధివాళ్ళు చెప్పారు. నన్ను ఎందుకు వెంట తీసుకుపోయారో తెలియదు. బహుశా చెల్లెలు నన్ను వదలలేదేమో. దారి పొడుగునా అది నా వేలు పట్టుకునే కూర్చుంది.

డాక్టరమ్మ పిల్ల వీపు, మోచేతులు, చెవుల వెనక చర్మం అన్నీ నిదానంగా చూసింది. తర్వాత తమిళంలో అడిగింది. ఆ పొద్దున ఏం తిన్నది? అమ్మ చెప్పింది, రాగిగంజి ఒక్కటేనని. ఇంకేమీ లేదా? లేదని అమ్మ అంది. అవ్వ నా వైపు చూసింది. నేను నేల చూశాను.

"ఇది అమ్మవారూ కాదు, పురుగూ కాదు," అంది డాక్టరమ్మ. "అందరికీ బలమిచ్చే తిండి ఒక్కొక్కరి ఒంటికి విషమవుతుంది. దానికి నేనిచ్చే మందు లేదు. ఆ తిండి ఏదో మీరే కనుక్కోవాలి. ఏం తిన్నది, ఏది తాకింది, ఎప్పుడు దద్దురు లేచింది, రోజూ గుర్తుపెట్టుకోండి. కనుక్కున్నాక దాన్ని మళ్ళీ నోటి దగ్గరికి రానివ్వకండి. ఈసారి ఇంతకన్నా ఎక్కువ రావచ్చు."

దురదకు మాత్రం దారి చెప్పింది. మగ్గాల గదిలో పడుకోబెట్టవద్దంది. స్నానం చేయించి, ఒళ్ళు పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె రాయమంది. పక్కబట్టలు ఎండలో వేసి దులపమంది. గోళ్ళు పెరగనివ్వవద్దంది. అమ్మ అన్నిటికీ తల ఊపింది.

ఇంట్లో అక్షరాలు వచ్చింది నాకొక్కదానికే. వీధిబడిలో రెండేళ్ళు తమిళం నేర్చుకున్నాను. మేం మాట్లాడేది తెలుగు, తెలుగు అక్షరం మాత్రం ఎవరికీ రాదు. అందుకని వంటింటి గోడ మీద బొగ్గుతో, ఇంట్లో వండినవీ చెల్లెలు తిన్నవీ తమిళ అక్షరాల్లో తెలుగు మాటలుగా రాసే పని నాకు పడింది. రాగిసంకటి. పప్పు. మజ్జిగ. దురద లేదు. మర్నాడు మళ్ళీ. సాయంత్రం దీపం పెట్టే వేళకు అవ్వ గోడ ముందు కూర్చుని, "చదువు," అనేది. చదివేదాన్ని. వెతుకుతున్నది ఏమిటో తెలిసినదాన్ని నేనే, రాస్తున్నదీ నేనే. చెబితే నాయన కొడతాడని కాదు నా భయం, నాయన ఎప్పుడూ కొట్టలేదు. నేను చెల్లెల్ని చంపబోయానని అందరికీ తెలుస్తుందని.

పన్నెండు రోజులు అట్లా గడిచాయి. ఆ పన్నెండు రోజుల్లో మూడుసార్లు చెల్లెలి మూతి చుట్టూ ఎర్రగా పొంగింది. పదమూడో సాయంత్రం నేను చదువుతుంటే అవ్వ ఆపింది.

"మళ్ళా చదువు. పొంగిన దినాలు మటుకే చదువు."

చదివాను. మూడు రోజులూ మేం ఊరుబిండి చేసుకున్నాం. వేయించిన శెనక్కాయలు, మిరపకాయలు రోట్లో నూరిన పచ్చడి. చెల్లెలు దాన్ని తినలేదు. కానీ అదే రోట్లో, దాని తర్వాత, చెల్లెలి కోసం కొబ్బరి నూరాం.

అవ్వ రోలు వైపు చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పొద్దు నువ్వు ఏం పెట్టినావమ్మా?"

వేళ్ళు చూపించాను. నాలుగు. "శెనగ్గింజలు," అన్నాను. "అది వద్దన్నా పెట్టినాను అవ్వా."

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. చెయ్యి వదల్లేదు. గోడను చూస్తూ, చాలా మెల్లగా మాట్లాడింది.

"మీ నాయనకు ముందు నాకు ఒక ఆడబిడ్డ ఉండె. మూడేండ్లది. అది ఇట్లనే గోక్కుంటా ఉండేది. ఒక దినం శెనగ్గింజలూ బెల్లమూ దంచి ఉండలు చేసినాను. అది వద్దంటే, తినమ్మా బలం వస్తాదని నేనే పెట్టినాను. నా చేత్తో. పెదవులు ఇట్లనే ఉబ్బినాయి. దీపాలు పెట్టేలోగా పోయినాది. అమ్మోరు తీసుకుపోయినాదని అన్నారు. నేనూ అదే నమ్మినాను. మొన్న గడపలో నిలబడి మీ చెల్లెలి మొగం చూసినాను కదా, అదే మొగం. అప్పుడే నాకు గుండెలో తట్టినాది. ఊరికే తట్టినాది, తెలీలేదు. ఇప్పుడు తెలిసినాది."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"నువ్వు తెలీక పెట్టినావు. నేనూ తెలీకనే పెట్టినాను," అంది. "నీ చెల్లెలు బతికినాది. నా బిడ్డ బతకలేదు. అంతే మనిద్దరికీ తేడా. ఇంక అబద్ధం చెప్పొద్దు."

ఆ మాట తర్వాత లేచి, మూటలో మిగిలిన శెనక్కాయలన్నీ పక్క వీధిలోకి తీసుకుపోయి ఇచ్చి వచ్చింది. అమ్మకూ నాయనకూ ఆమే చెప్పింది. నేను పెట్టానని చెప్పింది, తాను పెట్టిన సంగతీ చెప్పింది. నాయనకు తనకో అక్క ఉండేదని తెలుసు కానీ ఎట్లా పోయిందో తెలియదు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవాడు పేకపోగు నడిపే నాడెను పక్కన పెట్టేశాడు, ఆ పూట మళ్ళీ నేయలేదు.

అప్పటినుంచి మా ఇల్లు మారింది. రాయి ఎంత కడిగినా దాని గుంటల్లో పిండి ఉండిపోతుందని అవ్వ పాత రోలును ఇంట్లోంచే తీసేయించింది. కొత్త రోట్లో శెనగ్గింజ పడనివ్వలేదు. వంటకు నువ్వులనూనె ఒక్కటే. అదీ గానుగ దగ్గరికి తానే పోయి, ముందు ఏం ఆడావని అడిగి, శెనక్కాయ ఆడిన రోజైతే ఖాళీ ముంతతో తిరిగి వచ్చేది. గానుగ ఆయన మొదట్లో విసుక్కునేవాడు. తర్వాత తర్వాత దూరం నుంచే, "ఈ పొద్దు వద్దు పెద్దమ్మా, రేపు రా," అని చెప్పి పంపేవాడు. మాలో ఎవరైనా బయట శెనక్కాయలు తిని వస్తే పెరట్లో చేతులు, మూతి కడుక్కుని గాని చెల్లెల్ని ముట్టుకోకూడదు. చెల్లెలికి తన మాట తాను చెప్పుకోవడం నేర్పింది. ఎవరేం ఇచ్చినా చేతులు వెనక్కి పెట్టుకుని, "దీంట్లో శెనక్కాయ ఉండాదా?" అని అడిగేది. ఒళ్ళు కూడా నెమ్మదిగా బాగుపడింది. దురద పూర్తిగా పోలేదు, కానీ రసి కారడం ఆగింది.

ఇంటి బయటే కష్టం. పెట్టింది వద్దంటే మనిషినే వద్దన్నట్టు. ఆర్కాడులో మా మేనత్త, అవ్వ కూతురు, తన కొడుకు పెళ్ళికి పిలిచింది. చెల్లెలి కోసం అవ్వ సద్ది మూట కట్టుకుని వచ్చింది. పంక్తిలో దాన్ని విప్పగానే మేనత్త మొహం ఎర్రబడింది.

"నా ఇంటికి వచ్చి సద్ది మూట విప్పుతావా అమ్మా? నా ఇంటి అన్నం విషమా?"

అవ్వ ఆమెను పెరట్లోకి పిలుచుకుపోయింది. నేను నీళ్ళ చెంబు పట్టుకుని వెనకే ఉన్నాను.

"నీకొక అక్క ఉండె," అంది అవ్వ. "అది ఎట్ల పోయినాదో నీకు చెప్పలేదు. నాకే తెలీలేదు కాబట్టి. ఇప్పుడు చెప్తా, విను."

విన్న తర్వాత మేనత్త నా చేతిలో చెంబు తీసుకుని మోచేతుల దాకా కడుక్కుంది. పంక్తిలోకి తిరిగి వచ్చి, అంత హడావుడిలోనూ చెల్లెలి పక్కన కూర్చుని, ఆ సద్ది మూటలోని అన్నం తన చేత్తోనే దానికి తినిపించింది.

చెల్లెలికి పెళ్ళీడు వచ్చింది. వేలూరు పక్కన తొరపాడి నుంచి సంబంధం. వాళ్ళూ నేతవాళ్ళే. ఈ సంగతి ముందుగా చెబితే పిల్లకు రోగమని వెనక్కి పోతారని అమ్మ భయం. "పెండ్లయినాక మెల్లగా చెప్తాము," అంది.

"మెల్లగా చెప్పేదానికి ఆ బిడ్డ ఉండద్దా?" అంది అవ్వ.

అప్పటికి ఆమె నడుము వంగిపోయింది. అయినా నన్ను తోడు తీసుకుని తొరపాడి పోయింది. పెళ్ళికొడుకు తల్లి వంటింట్లోనే కూర్చుని, దాచకుండా అన్నీ చెప్పింది. చెల్లెలి సంగతీ, చనిపోయిన బిడ్డ సంగతీ. మా నాయన పుట్టకముందు పోయిన ఆ బిడ్డను ఆమె పేరుపెట్టి పిలవడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. చెప్తున్నంతసేపూ ఆమె గొంతు మారలేదు.

పాలు పొంగుతుంటే పెళ్ళికొడుకు తల్లి దించింది. తర్వాత ఒక్కటే అడిగింది. "శెనక్కాయ ఒకటేనా? ఇంకేమన్నా ఉండాదా?"

"ఒకటే."

"మా ఇంట్లో మగవాండ్లకు అది లేకుండా సంకటి దిగదు," అంది. కొంచెం ఆగి, "మానుకుంటారు," అంది.

తిరిగి వస్తుంటే జట్కాలో అవ్వ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆ తర్వాతి వానాకాలంలో ఆమె పోయింది. చెల్లెలికి ముగ్గురు పిల్లలు. రెండో వాడికి కూడా ఆ గింజ పడదని ఏడాది నిండకముందే తొరపాడి అత్తగారే కనిపెట్టి, మాకు కబురు పంపింది.