డ్రైవర్ ప్యో ఆరు ముద్రలు

మా ద్వీపంలో ఉన్నది ఒక్కటే బడి, పిల్లలు ఇరవై ఏడుగురు. నేను ఆ బడి వంటింట్లో పని చేస్తాను. బస్సు డ్రైవరు ప్యో గ్వాంగ్‌సిక్ పొద్దున్నే పిల్లల్ని దించేసి బార్లీ టీ కోసం నా దగ్గరికే వస్తాడు కాబట్టి ఆయన సంగతులు నాకు తెలియకుండా ఉండవు. అరవై ఒక్క ఏళ్ల మనిషి. పంతొమ్మిదేళ్లుగా ఆ పసుప్పచ్చ బస్సు ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదు. ఈ మాట ఎవరూ అడక్కపోయినా ఆయనే చెబుతాడు.

ఏటా ఆకులు రాలే కాలంలో మా బడి పుస్తకాల పందెం పెడుతుంది. పిల్లలు, టీచర్లు, ఊళ్లోవాళ్లు అందరూ కలిసి మూడు నెలల్లో వెయ్యి పుస్తకాలు చదవాలి. చదివిన పెద్దవాళ్లు ఆ కథను బడిపిల్లల్లో ఒకరికి చెప్పాలి. విన్న పిల్ల వాళ్ల కార్డు మీద ఎర్ర ముద్ర వేస్తుంది. వెయ్యి పూర్తయితే ఊరందరికీ తన చేత్తో నూడుల్స్ వండిపెడతానని హెడ్మాస్టరు ఏటా మాట ఇస్తాడు. ఏటా ఎలాగో ఆ గండం తప్పించుకుంటాడు.

కిందటేడు పన్నెండు పుస్తకాలు తగ్గాయి. గేటుకు అతికించిన జాబితాలో ప్యో పేరుకు ఎదురుగా సున్నా ఉంది. జుట్టు కత్తిరించే ఓక్‌బున్ అది చూసి ఊరుకునే మనిషి కాదు.

"అన్నా, దారిలో బోర్డులన్నా చదువుతావా, అవీ పిల్లలే చదివి చెబుతారా?"

రేవు దగ్గర సముద్రపు నాచు ఆరబెట్టుకునే ఆడవాళ్లు రెండు రోజులు ఇదే చెప్పుకుని నవ్వారు. ప్యోకి రోషం వచ్చింది. వచ్చే ఏడు తనొక్కడే ముప్ఫై పుస్తకాలు చదువుతానని అక్కడే ప్రకటించేశాడు.

ఈసారి పందెం మొదలుకాగానే నాలుగో తరగతి హారమ్‌కి కథలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల అందరికంటే ముందు బస్సెక్కుతుంది. తర్వాతి మజిలీ దాకా పన్నెండు నిమిషాలు బస్సులో వాళ్లిద్దరే. రెండు వారాల్లో ఆరు కథలు చెప్పి ఆరు ముద్రలు సంపాదించాడు. బాగా చెప్పేవాడు కూడా. కొంగ కూతురిని నీటికుక్క పెళ్లాడిన కథ, ఆక్టోపస్ పెళ్లిపెద్దగా వచ్చి ఎనిమిది చేతులతో దీవించడం, నాకూ చెప్పాడు. టీ చల్లారిపోయిందన్న ధ్యాస కూడా లేకుండా విన్నాను.

ఆ కథ హారమ్‌కి ఎంత నచ్చిందంటే, వెళ్లి ఆ పుస్తకమే తెచ్చుకుని చదివింది. మర్నాడు బస్సెక్కి నెమ్మదిగా అంది.

"తాతా, ఇందులో పెళ్లే లేదు."

"నువ్వు తెచ్చింది పాత అచ్చయి ఉంటుంది."

"మీరు తీసుకెళ్లిందీ ఇదే. బడిలో ఒక్కటే ఉంది."

బస్సు మజిలీ దగ్గర ఆగాక ఆ పిల్ల పుస్తకం తెరిచి చేతికిచ్చి, ఒక్క పేజీ చదవమంది. ప్యో దాన్ని ముఖం దగ్గర పెట్టుకున్నాడు, దూరంగా జరిపాడు, చివరికి చెయ్యి కిటికీలోంచి బయటికి చాచాడు. హారమ్ కాసేపు చూసింది. వాళ్ల అవ్వ మందుబిళ్లల అట్టని సరిగ్గా ఇలాగే చూస్తుందట.

"పుస్తకానికేం కాలేదు తాతా. మీ చేతులే పొట్టివైపోయాయి."

ఆయనకి నవ్వు రాలేదు. కళ్లజోడు పెట్టుకుంటే చూపు పోయిందని బస్సు లాక్కుంటారేమోనని మూడేళ్లుగా భయం. అందుకే అట్ట మీది బొమ్మ చూసి మిగతాదంతా అల్లేవాడు. ఆ భయం ఆ పూట నా దగ్గర బయటపెట్టాడు, సాయంత్రం ఇంట్లో చెప్పాడు. భార్య మాల్‌సున్‌కి ఇది కొత్త సంగతి కాదు. కిందటి చలికాలం ఉప్పు పొట్లం అనుకుని సూప్‌లో పంచదార పోసిన రోజే ఆవిడకి అర్థమైపోయింది.

"దూరం చూపుతో నడిపే బస్సుకి దగ్గర చూపుతో పనేముందయ్యా? ఏటా కళ్లు పరీక్ష చేసే డాక్టరు నీకంటే తెలివితక్కువవాడా?" అని, తన పాత కళ్లజోడు తెచ్చి ఆయన ముక్కు మీద పెట్టిందట. అది ఊదారంగుది, అంచులకి మెరిసే పూసలు.

మర్నాడు ఆయనే టీచరు దగ్గరికెళ్లి ఆరు ముద్రలూ లెక్కలోంచి తీసేయమన్నాడు. గేటు మీద ఆరు మళ్లీ సున్నా అయింది. ఓక్‌బున్ ఆ సున్నానీ చూసింది, ఊదారంగు కళ్లజోడునీ చూసింది. దేన్ని పట్టుకుని ఏడిపించాలో తేల్చుకోలేక ఒక రోజంతా గమ్మున ఉంది. మా ఊళ్లో అదొక వింత.

ఆ తర్వాత ప్యో బడి ముందు బస్సాపి, స్టీరింగు మీద పుస్తకం పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివేవాడు. పేజీ తిప్పడానికి పట్టే సమయంలో నేను రెండు ముల్లంగులు తరిగేసేదాన్ని. మూడు నెలలయ్యేసరికి నాలుగు పూర్తిచేశాడు. ముప్ఫై మాట ఎవరూ ఎత్తలేదు.

చివరి రోజు లెక్క చదివితే తొమ్మిదివందల తొంభై అయిదు. ఆవరణలో అందరూ ఉస్సూరుమన్నారు. ఉన్నట్టుండి ఓక్‌బున్ ప్యో వైపు తిరిగింది.

"ఆ ఆరూ మళ్లీ కలిపేయించు అన్నా. చదవకపోతేనేం, కథలు మేమంతా విన్నాం కదా."

కొందరు అవునవునన్నారు. హారమ్ మాత్రం ముద్ర గుప్పిట్లో బిగించి ఆయన ముఖంలోకి చూస్తోంది. ప్యో కళ్లజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.

"వద్దమ్మా. చదవని పుస్తకాల మీద వండిన నూడుల్స్ నాకు దిగవు."

హెడ్మాస్టరు వండితే చదివిన పుస్తకాల మీదైనా దిగవని ఓక్‌బున్ గొణిగింది. హెడ్మాస్టరుకి అది వినిపించినా పట్టించుకోలేదు. అంతకుముందు వారంలో నూడుల్స్ ఎంతసేపు ఉడకాలని నన్ను మూడుసార్లు అడిగాడు మరి. ఆ పూట ఆవరణలో అందరికంటే హాయిగా ఊపిరి పీల్చుకున్నది ఆయనే.

పందెం ముగిసినా ప్యో అయిదో పుస్తకం వదల్లేదు. చలికాలం సెలవులకి ముందు ఒక పొద్దున బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. హెడ్మాస్టరు గేటు దగ్గరే నిలబడి కారణం అడిగాడు. షెడ్డులో కూర్చుని చదువుతున్నానని, ఆ అధ్యాయం మధ్యలో ఆపలేకపోయానని ప్యో ఉన్నదున్నట్టు చెప్పాడు. తిట్టాలో మెచ్చుకోవాలో తెలియక హెడ్మాస్టరు కాసేపు తల గోక్కుని, రిజిస్టరులో "రద్దీ వల్ల ఆలస్యం" అని రాసుకున్నాడు. మా ద్వీపంలో ఉన్న కార్లు తొమ్మిది.