మిర్చి గోడౌనులో వెబ్ డిజైన్ క్లాసు

గుంటూరు మిర్చి యార్డు వెనక వీధిలో నా టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ముందు గది నాది, వెనక పెద్ద హాలు మిర్చి గోడౌను. రెండింటికీ యజమాని శ్రీమన్నారాయణ. 2003లో ఆయనకు కంప్యూటర్ల పిచ్చి పట్టింది. హైదరాబాదు కంపెనీ ఒకటి ఊరూరా వెబ్ డిజైన్ కోర్సు పెట్టిస్తోందని విని, గోడౌను ఖాళీ చేయించి పన్నెండు కంప్యూటర్లు దింపించాడు. "ఇంకా ఆ టకటకలు ఎవరిక్కావాలి చెంచయ్య మాస్టారూ" అని నా ముఖం మీదే అన్నాడు. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరుకున్నాను. అప్పటికి నా దగ్గర మిగిలింది ఆరుగురే.

కంపెనీ మనిషి వచ్చి గది చూసి సరే అనాలి. అన్నాడా, కోర్సు వస్తుంది, జయకుమారి టీచరవుతుంది. లేదా, ఏమీ లేదు.

జయకుమారి నా దగ్గరే టైపు హయ్యర్ పరీక్ష పాసయింది. వాళ్ళమ్మ హనుమాయమ్మ యార్డులో మిరపకాయలకు తొడిమలు తీసే కూలీ. ఏడో తరగతి నుంచి డిగ్రీ అయ్యేదాకా సెలవులన్నీ ఈ పిల్లా ఆ రాశుల ముందే కూర్చుంది. మొదట్లో చేతులు మండితే మజ్జిగలో ముంచుకునేదట. తర్వాతర్వాత ఆ అవసరం లేకపోయిందట. మంట తగ్గిందా అమ్మా అనడిగితే, "ఏమో మాస్టారూ, తెలియట్లా" అంది. ఆ పిల్ల మాటే అంత. తండ్రి పోయిన రోజు కూడా నా దగ్గరికి వచ్చి, "పదకొండు రోజులు రానండి, నా మిషను వేరేవాళ్ళకివ్వండి" అని చెప్పి వెళ్ళింది. కంట్లో తడి లేదు. గుండె రాయేమో అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

నెట్ సెంటరులో పనిచేస్తూ, పాత పుస్తకాల కొట్లో దొరికిన పుస్తకం ముందేసుకుని, ఎనిమిది నెలల్లో వెబ్ పేజీలు చేసే సాఫ్ట్‌వేరు తనంతట తనే నేర్చుకుంది. ఉద్యోగం వస్తే ఏం చేస్తావని ఒకసారి అడిగాను. "అమ్మని తొడిమలు మాన్పిస్తానండి. ఆయాసపడుతోంది" అంది. అంతకుమించి ఏ ఆశా చెప్పుకోలేదు.

గది సిద్ధం చేసింది పూర్తిగా తనే. గోడలకు రెండుసార్లు సున్నం వేయించింది. నేలను ఫినాయిలుతో నాలుగుసార్లు కడిగించింది. దుమ్ము రాకూడదని కిటికీలన్నీ మూయించి, సందుల్లో కాగితాలు కుక్కి పైన టేపు అంటించింది. పైకప్పు దూలాలు కనపడకుండా థర్మోకోల్ షీట్లు కొట్టించారు. రెండు ఏసీలు పెట్టారు. ఒక్కో కంప్యూటరులో సీడీ పెట్టి సాఫ్ట్‌వేరు ఎక్కించడానికి ముప్పావు గంట పట్టేది. అది ఎక్కుతుంటే కుర్చీలో చేతులు కట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చునేది. పన్నెండింటిలోనూ తను చేసిన అమరావతి పేజీ పెట్టింది. స్తూపం బొమ్మ మీద నొక్కితే ఇంకో పేజీ తెరుచుకునేది. దాన్ని చూసి నేను చిన్నపిల్లాడిలా పదిసార్లు నొక్కాను. శ్రీమన్నారాయణ కంప్యూటర్ల ముందు కొబ్బరికాయ కొడతానంటే, నీళ్ళు చిందుతాయని వీధి మెట్టు మీద కొట్టించింది.

ఇన్నీ చేసి, చివర్లో నన్ను పిలిచింది. "మాస్టారూ, గోడౌను వాసన ఏమన్నా వస్తోందా?"

గట్టిగా పీల్చాను. "ఫినాయిలు వాసనమ్మా. ఇంకేం లేదు."

వాళ్ళమ్మను తీసుకొచ్చి అడిగింది. "ఏ ఘాటూ లేదే, ఆసుపత్రిలాగుంది" అంది హనుమాయమ్మ. శ్రీమన్నారాయణనూ అడిగింది. "నిక్షేపంగా ఉంది" అన్నాడు. పన్నెండేళ్ళుగా మిరప బస్తాల పక్కన టైపు చెప్పేవాణ్ణి నేను. ముప్ఫై ఏళ్ళుగా రాశుల్లో కూర్చున్న మనిషి ఆమె. మూడు తరాల మిర్చి వ్యాపారం ఆయనది. అడగాల్సినవాళ్ళను అడగకుండా మమ్మల్ని అడిగింది పాపం. మా ముక్కులు ఎప్పుడో చచ్చిపోయాయని మాకు మాత్రం ఏం తెలుసు?

మర్నాడు పదింటికి హైదరాబాదు నుంచి అశోక్ గారు, ఆయనతో ఇంకొకాయన వచ్చారు. తలుపులు మూసి రెండు ఏసీలూ వేశారు. నేను వెనక నిలబడ్డాను. జయకుమారి మొదటి కంప్యూటరు ముందు కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. బొమ్మ ఎలా పెట్టాలో, పేజీకి పేజీకి లంకె ఎలా వేయాలో ఎంత చక్కగా చెప్పిందో! అశోక్ గారు రెండుసార్లు తల ఊపాడు కూడా. నాకు గర్వమేసింది.

అప్పుడు ఆయన తుమ్మాడు. రెండో ఆయన దగ్గాడు. ఏసీ గాలికి థర్మోకోల్ పైనున్న దూలాల మీది కారం దుమ్ము సందుల్లోంచి దిగుతోంది. ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము. వాళ్ళిద్దరి కళ్ళూ ఎర్రబడ్డాయి, ముక్కులు కారుతున్నాయి. జయకుమారి తెర వైపు తిరిగి ఉంది. ఇంకా చెబుతూనే ఉంది.

"ఆపండమ్మా!" అన్నాడు అశోక్ గారు జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని. "మీకేం కావట్లేదా?"

జయకుమారి వెనక్కి తిరిగింది. "ఏం కావాలండీ?" అంది.

ఆయన తలుపు తోసుకుని వీధిలోకి పరిగెత్తాడు. మంచినీళ్ళు తెప్పించుకుని ముఖం కడుక్కున్నాడు. పిల్లల్ని ఈ గదిలో ఎలా కూర్చోబెడతారండీ అని శ్రీమన్నారాయణను కడిగేశాడు. దూలాలు దులిపిస్తాం, వారం టైమివ్వండి అని నేను బతిమాలాను. నా మాట వినేదెవరు? కారు చిలకలూరిపేట వైపు వెళ్ళిపోయింది. కోర్సు అక్కడి సెంటరుకు ఇచ్చారని పది రోజులకు తెలిసింది.

శ్రీమన్నారాయణ ఆ పిల్లను నానా మాటలూ అన్నాడు. "నిక్షేపంగా ఉందన్నది మీరే కదా" అని నేను ఎగిరితే, "మీరూ అన్నారుగా" అన్నాడు. జయకుమారి మాత్రం పన్నెండు కంప్యూటర్లనూ వరుసగా ఆపి, వైర్లు చుట్టి, అట్టపెట్టెల్లో సర్దింది.

ఫిబ్రవరిలో కొత్త సరుకు వచ్చింది. హాలు మళ్ళీ గోడౌనయింది. తూకాలు రాయడానికి మనిషి కావాలన్నాడు శ్రీమన్నారాయణ. జయకుమారి చేరింది. హనుమాయమ్మ ఆయాసంతోనే యార్డుకు వెళుతోంది.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక వెనక్కి వెళ్ళాను. బస్తాల మధ్య స్టూలు మీద కూర్చుని అన్నం తింటోంది.

"నాదే తప్పమ్మా. వాసన లేదని చెప్పాను."

"మీకు తెలియకే కదా మాస్టారూ."

"ఈ గదిలోనే కూర్చోవాల్సి వచ్చిందే. బాధగా లేదూ?"

ముద్ద కలిపి చేతిలో పట్టుకుంది.

"మొదటిరోజు ఏడుపొస్తుందనుకున్నానండి. కర్చీఫు కూడా తెచ్చుకున్నా. రాలేదు. నాన్న పోయినప్పుడూ ఇంతే. ఆ అశోక్ గారు ఘాటుకి కళ్ళనీళ్ళు కారుతూ పరిగెత్తాడు చూడండి, ఒక్కసారి నాకూ అట్లా అయితే బాగుండు మాస్టారూ."

అని ముద్ద నోట్లో పెట్టుకుంది.