ఊడిన మీసం

కెనడాలోని విన్నిపెగ్‌లో పద్మిని ఉద్యోగం పిల్లల్ని నిద్రపుచ్చడం. మధ్యాహ్నం డేకేర్ కిటికీల అవతల మంచు కురుస్తుంటే, ఆవిడ గుసగుసకి చిన్నారుల కళ్లు ఒక్కొక్కరివే మూతపడతాయి. అదే గొంతుతో తెలుగువాళ్ల నాటకాలకి తెరవెనక నుంచి మాటలందిస్తుంది. వేదిక మీదివాళ్లకి వినిపిస్తుంది, ముందు వరసకి వినపడదు.

ఆవిడ భర్త అనంత్‌కీ, అన్న వెంకటసుబ్బయ్యకీ ఆరేళ్లుగా మాటల్లేవు. కారణం వింటే నవ్వొస్తుంది. ఓ నాటకంలో అనంత్ కత్తి దూసి గర్జిస్తుండగా అతికించిన మీసం ఊడి కిందపడింది. "ముందు మీసం ఏరుకోండి బావా!" అన్నాడు వెంకటసుబ్బయ్య. నాటకంలో లేని మాట. హాలంతా గొల్లుమంది. నవ్వినవాళ్లు ఇల్లు చేరేసరికి మరిచిపోయారు. అనంత్ మాత్రం మళ్లీ బావగారి గుమ్మం తొక్కలేదు, ఆయన్ని తన గుమ్మం తొక్కనివ్వలేదు. పౌరుషాలకేం తక్కువ లేదు మహానుభావులకి! మధ్యలో నలిగిపోయింది పద్మిని.

ఈ ఏడు నాటకం, పగబట్టిన రెండు కోటల కథ. రాజులుగా వీళ్లిద్దరే. "రిహార్సల్సే అక్కర్లేదు కదండీ!" అని ఆటపట్టించింది డైరెక్టర్ మృదుల. పద్మినికి నవ్వు రాలేదు. వచ్చే వారం అన్నయ్య ఉద్యోగం మారి కాల్గరీ వెళ్లిపోతున్నాడు. ఈలోగా ఇద్దరూ తన ఇంట్లో ఒక్కపూట కలిసి అన్నం తింటే చాలు, ఆవిడకింకేం అక్కర్లేదు.

ఆదివారం మధ్యాహ్నం, చివరి రంగం. నీలం వెలుతురులో కాగితప్పూలు మెల్లగా రాలుతున్నాయి. రెండు కోటల పిల్లలూ విషం తాగి నేలమీద పడున్నారు. డేకేర్‌లో నిద్రవేళలా ఉంది వేదిక. పద్మినికి ఇదంతా కలలో జరుగుతున్నట్టుంది. అనంత్ ఇప్పుడు "శత్రువా, చెయ్యివ్వు" అనాలి. నోరు తెరిచాడు, మాట రాలేదు. తెర వైపు చూశాడు.

పుస్తకంలో "శత్రువా" అనే ఉంది. పద్మిని "బావా" అంది.

అనంత్ ఉలిక్కిపడ్డాడు. భార్య గొంతు అతనికి తెలియనిదా? బావగారి వైపు ఒక అడుగు వేశాడు.

"బావా... చెయ్యివ్వు."

వెంకటసుబ్బయ్య తన మీసం తనే పీకి, అనంత్ అరచేతిలో పెట్టి, ఆ చేతిని రెండు చేతుల్తో మూసి పట్టుకున్నాడు. "తప్పు నాదే బావా. ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది."

ఎవరూ నవ్వలేదు. తెర దించాల్సిన తాడు పద్మిని చేతిలోనే ఉంది. కళ్లనీళ్లలో ఆవిడకేమీ కనిపించడం లేదు. చచ్చిపడున్న రాకుమారి, పక్కింటి హర్షిణి, ఒక కన్ను తెరిచింది.

"ఆంటీ, కర్టెన్!"

"ఉండవే తల్లీ," అంది పద్మిని ముక్కు తుడుచుకుంటూ. "కాసేపు చూడనీ."